రాత్రి తొమ్మిదిన్నరకు మా వంటిల్లు మూసేస్తాం

రెండేళ్ల కింద, బతుకమ్మ పండుగ మొదలయ్యే పెత్రమాస అమావాస్యకు ముందు వచ్చిన ఆదివారం, మధ్యాహ్నం మూడింటికి, నేను మా వంటింట్లో కింద కూర్చుని ఏడ్చాను. దసరాకు ఇల్లంతా దులుపుకోవాలి కదా అని పొద్దున ఆరింటికే అలమారాల్లో ఉన్నవన్నీ దించేశాను. పప్పుల డబ్బాలు, పచ్చడి సీసాలు, పెళ్లినాటి స్టీలు సామాను, అటక మీది ఇత్తడి గంజులు, మూతలు ఎటో పోయిన ప్లాస్టిక్ టిఫిన్లు, అన్నీ బండల మీదే. కాలు పెట్టడానికి సందు లేదు. మామయ్యకు షుగర్, టైముకు తినాలి, అన్నం కూడా పొయ్యి మీద పెట్టలేదు, పిల్లలు రెండుసార్లు వచ్చి ఆకలైతుందని చెప్పి పోయారు, నాకేమో ఏది ముందు తుడవాలో, తుడిచింది ఎక్కడ పెట్టాలో తోచక చేతులు ఆడడం లేదు.

అత్తమ్మ మెల్లగా వచ్చి ఒక పీట జరుపుకుని నా పక్కన కూర్చుంది. ముందున్న డబ్బా మూత తీసి చూసింది, శెనగపప్పు. పక్కది తీసింది, అదీ శెనగపప్పే. ఇంకో ప్యాకెట్, సగం వాడి రబ్బరు బ్యాండు పెట్టింది, అందులోనూ శెనగపప్పే, కొంచెం పురుగు పట్టింది. సగ్గుబియ్యం మూడు చోట్ల, సేమియా నాలుగు చోట్ల ఉన్నాయి. "ఇవన్నీ ఎవరు తింటరు బిడ్డా?" అంది.

తిట్టడానికి అన్న మాట కాదు అది. నిజంగానే అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అప్పటిదాకా నేను అనుకున్నదేమిటంటే, నాకు టైం లేదు, ఓపిక లేదు, బడిలో పాఠాలు చెప్పి వచ్చాక ఒంట్లో శక్తి ఉండదు, అందుకే వంటిల్లు ఇట్లా ఉంటుంది అని. ఆరోజు అత్తమ్మతో పాటు కూర్చుని ఒక్కొక్క డబ్బా తెరుస్తుంటే అర్థమైంది, సగం పని మురికిది కాదు, సామానుది. ఇంకో సగం, పని అంతా ఒక్కరి నెత్తిన ఉండడం. ఈ రెండూ అట్లనే ఉంచి ఎన్ని సబ్బులు మార్చినా, ఎన్ని వీడియోలు చూసినా లాభం లేదు. నాలాగే వంటింటి గడప దగ్గర నిలబడి గుండె జారిపోయే వాళ్లు చాలామంది ఉంటారని నాకు తెలుసు, బడిలో టీచర్లం కలిస్తే మాట్లాడుకునేది ఇదే. అందుకే ఈ రెండేళ్లలో మా ఇంట్లో ఏం మారిందో వివరంగా రాస్తున్నాను.

మేము ఆరుగురం. అత్తమ్మ, మామయ్య, మా ఆయన, నేను, తొమ్మిదో తరగతి చదివే బాబు, ఐదో తరగతి పాప. నల్లగొండలో మాది పాత ఇల్లు, వంటిల్లు చిన్నది, గట్టు నల్ల కడప బండది, కింద తాండూరు బండలు, సింకు పైన ఒక చిన్న కిటికీ. చూపించుకోవడానికి ఏమీ లేని మామూలు వంటిల్లు. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఫోటోల్లో కనిపించే తెల్లటి వంటిళ్లను చూసి మనది అట్లా లేదని బాధపడడం మానేసిన రోజు నుంచే నాకు సగం టెన్షన్ తగ్గింది. ఆరుగురు రోజూ మూడు పూటలా తినే ఇంట్లో ఎసరు పొంగుతుంది, తాళింపు చిటపటలాడి గోడ మీద పడుతుంది, జొన్న రొట్టె చేస్తే పిండి రాలుతుంది. వండిన వంటింటికి ఆ గుర్తులు ఉంటాయి. మనం చూసుకోవాల్సింది ఆ గుర్తులు మరునాటికి మిగలకుండా.

మొదట సామాను సంగతి. ఆ ఆదివారం అన్నీ తిరిగి పైన పెట్టలేదు. పురుగు పట్టినవి తీసేశాం, మంచివి కలిపి ఒక్కో పప్పుకు ఒక్కటే డబ్బా చేశాం. ఆ తర్వాత పెట్టుకున్న కట్టుబాటు ఒకటే, డబ్బా అడుగు కనిపించేదాకా ఆ సరుకు మళ్లీ కొనేది లేదు, ఆఫర్ ఉన్నా సరే. కొత్తది వస్తే పాతది ముందు ఒక గిన్నెలోకి తీసి, డబ్బా తుడిచి ఆరబెట్టి, కొత్తది కింద, పాతది పైన పోస్తాం. డబ్బా తడిగా ఉండగా పోస్తే బూజు ఖాయం. బొంబాయి రవ్వ తెచ్చిన రోజే పొడి మూకుట్లో కొంచెం వేయించి చల్లారాక డబ్బాలో పోస్తే నెలలు గడిచినా పురుగు పట్టదు. కందిపప్పు ఊరి నుంచి ఎక్కువ వస్తే అత్తమ్మ ఆముదం పట్టించి ఎండబెడుతుంది, వండేముందు గోరువెచ్చని నీళ్లతో కడిగితే ఆ జిడ్డు పోతుంది. బియ్యం డ్రమ్ములో ఎండిన వేపాకు ఒక పల్చటి బట్టలో మూటకట్టి వేస్తాం. బియ్యంలో బోరిక్ పౌడర్ కలిపే వాళ్లున్నారు, దయచేసి కలపకండి. అది పురుగుల మందు, తినే గింజలో దానికి చోటు లేదు.

గిన్నెల విషయంలో నేను ఇంకొంచెం గట్టిగా ఉన్నాను. మా ఇంట్లో ముప్పై ఒక్క స్టీలు పళ్లెం ఉండేవి. అన్నీ అందుబాటులో ఉంటే అన్నీ వాడతాం, పొద్దున తిన్నది సింకులో పడేసి మధ్యాహ్నానికి కొత్తది తీస్తాం, రాత్రికి సింకులో కొండ. అందుకని మనిషికి ఒక పళ్లెం, ఒక గ్లాసు, ఒక చిన్న గిన్నె మాత్రం కింద పెట్టి, చుట్టాల కోసం నాలుగు పళ్లాలు అదనంగా ఉంచి, మిగతావన్నీ గోనెసంచిలో కట్టి అటక మీదికి పంపాను. ఎవరి పళ్లెం వాళ్లదే కాబట్టి కడగకపోతే మళ్లీ తినడానికి పళ్లెం ఉండదు. మొదటి వారం బాబు అలిగాడు, రెండో వారానికి అలవాటైపోయింది. పాప తన గ్లాసుకు గోళ్ల రంగుతో ఒక చుక్క పెట్టుకుంది. ఈ ఒక్క మార్పుతోనే మా సింకు సగం ఖాళీ అయింది, నేను ఎవరికైనా ఒక్కటే సలహా ఇవ్వాలంటే ఇదే ఇస్తాను.

ఇక గిన్నెలు తోమడం. ఇది నేను అత్తమ్మ దగ్గర నేర్చుకున్నాను, పెళ్లయి పదహారేళ్లయినా అంతకు ముందు ఎన్నడూ అడగలేదు. ఆమె పుట్టిల్లు మర్రిగూడ వైపు. ఆ ప్రాంతం గురించి నల్లగొండ జిల్లాలో పుట్టిన వాళ్లకు చెప్పక్కర్లేదు, బోరు నీళ్లలో ఫ్లోరైడ్, వంగిపోయిన కాళ్లు, గారపట్టిన పళ్లు. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్‌లోని నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు పటిక, సున్నం వాడి కనిపెట్టిన పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరే పెట్టారు, ప్రపంచంలో వేరే దేశాల వాళ్లు కూడా ఆ పేరుతోనే పిలుస్తారు. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోతుందని ఇప్పటికీ కొందరు అనుకుంటారు, పోదు, నీళ్లు ఆవిరై తగ్గినకొద్దీ మిగిలిన దాంట్లో ఇంకా చిక్కబడుతుంది. అత్తమ్మ చిన్నప్పుడు తాగే నీళ్లు దూరం నుంచి మోసుకొచ్చేవారట. బిందె నీళ్లు ఎంత విలువో తెలిసిన మనిషి నల్లా విప్పి దాని కింద గిన్నె పెట్టి తోమదు.

ఆమె పద్ధతి ఇది. తిన్న పళ్లెంలో మిగిలింది ముందు చేత్తోనే తీసేయాలి, వాళ్లింట్లో అయితే అది, మొదటిసారి తొలిచిన నీళ్లు రెండూ బర్రెకు కుడితి గోలెంలోకి పోయేవి. తర్వాత బూడిద, పీచు పెట్టి అన్నీ ఒకేసారి తోమి వరుసగా పెట్టి, ఒక తొట్టిలో ముంచి, రెండో తొట్టిలో జాడించి బోర్లించడమే. అంతా కలిపి రెండు బిందెల నీళ్లు. ఇప్పుడు బూడిద లేదు, బర్రె లేదు, కానీ పద్ధతి అదే పెట్టుకున్నాం. మిగిలింది తడి చెత్త బుట్టలో పడాలి, సింకులో కాదు. ఒక ప్లాస్టిక్ టబ్బులో గోరువెచ్చని నీళ్లు, కొంచెం సబ్బు. ముందు గ్లాసులు, తర్వాత పళ్లాలు, తర్వాత కూర గిన్నెలు, ఆఖరున జిడ్డు మూకుడు, రొట్టెల పెనం. ఈ వరుస తప్పితే, ముందే మూకుడు ముంచితే, ఆ జిడ్డంతా గ్లాసులకు పట్టి పని రెండింతలవుతుంది. చివర్లో శుభ్రమైన నీళ్లతో జాడింపు. నేను ఫోన్లో టైం పెట్టుకుని చూశాను, ఒకరు తోమి ఒకరు జాడిస్తే ఆరుగురి గిన్నెలకు ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. గంటన్నర పని అనుకుని నేను రోజూ పొద్దున్నే భయపడింది ఇంత చిన్న పనికా అనిపించింది.

అడుగంటిన గిన్నె మాత్రం అప్పుడే తోమాలని పట్టుబట్టకండి. పాలు మాడినా, అన్నం మాడినా, నీళ్లు పోసి ఒక చెంచా తినే సోడా వేసి రెండు మరుగులు రానిచ్చి పక్కన పెడితే, గంట తర్వాత గరిటెతో గీస్తే ఊడొస్తుంది. అల్యూమినియం గిన్నెకు మాత్రం సోడా వద్దు, నల్లబడుతుంది.

సింకు, నల్లాల మీద తెల్లటి మరకల గురించి నాకు చాలామంది చెప్తుంటారు, ఫ్లోరైడ్ వల్లే అని. కాదు. ఆ మరకలు నీళ్లలో ఉండే సున్నం లాంటి లవణాలవి, కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే కఠిన జలం అంటాం కదా, అవి నీరు ఆరిపోయాక మిగిలిపోతాయి. ఫ్లోరైడ్ కంటికి కనిపించదు, రుచికి తెలియదు, అందుకే అంత నష్టం చేసింది. మా ఇంట్లో తాగడానికీ వండడానికీ ప్రభుత్వం నల్లాలో ఇచ్చే మిషన్ భగీరథ నీళ్లు, కడగడానికి బోరు నీళ్లు. ఆ పథకానికి 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ (స్తూపం) ఆవిష్కరించినప్పుడు అత్తమ్మ టీవీ ముందు నుంచి లేవలేదు. బోరు నీళ్లు ఉన్నంతకాలం ఆ తెల్ల మరకలు వస్తూనే ఉంటాయి. పిండిన నిమ్మచెక్కతో రుద్ది పది నిమిషాలు వదిలేసి కడిగితే పోతాయి, పులుపు ఆ సున్నాన్ని కరిగిస్తుంది. చింతపండుతో ఇత్తడి, రాగి మెరిసేది కూడా ఆ పులుపు వల్లనే. కానీ మరక పట్టాక రుద్దడం కంటే, రాత్రి పని అయ్యాక సింకును, నల్లాను పొడి బట్టతో ఒక్కసారి తుడిస్తే మరక పడే అవకాశమే ఉండదు, ఎందుకంటే ఆరడానికి నీటిచుక్క ఉండదు.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి, మీరు చేయకుండా ఉండడానికి. నిమ్మకాయతో నల్లా బాగా మెరిసిందని, అదే ఊపులో వెనిగర్ తెచ్చి గట్టంతా పోసి రుద్దాను. కడప బండ సున్నపురాయి జాతి. తాండూరు బండ కూడా అంతే, షాబాద్ బండ కూడా. పులుపు తగిలితే పైపొర కరిగి మసకబారుతుంది. స్టవ్ పక్కన జానెడు మేర నున్నదనం పోయి ఇప్పటికీ బూడిద రంగులో కనిపిస్తుంది. పాలరాయికీ ఇదే గతి. మన జిల్లాల్లో సగం ఇళ్ల నేల తాండూరు బండే కాబట్టి చెప్తున్నాను, బాత్రూంకు వాడే యాసిడ్ పొరపాటున కూడా వంటింటి నేల మీద పోయకండి. నీళ్లు, కొంచెం గిన్నెల సబ్బు చాలు. ఇంకా ముఖ్యం, యాసిడ్, బ్లీచింగ్ ఎన్నడూ కలపకండి, క్లోరిన్ గ్యాస్ వస్తుంది, చిన్న వంటింట్లో ఊపిరాడదు. వీడియోల్లో తినే సోడా, వెనిగర్ కలిపి నురగ చూపిస్తుంటారు, అది చూడ్డానికి బాగుంటుంది, కానీ ఒకటి క్షారం, ఒకటి ఆమ్లం, కలిస్తే ఒకదాని బలం ఇంకోటి తీసేస్తుంది, మిగిలేది ఉప్పునీళ్ల లాంటిదే. జిడ్డుకు సోడా విడిగా, సున్నం మరకకు పులుపు విడిగా వాడితేనే పని జరుగుతుంది.

జిడ్డు గురించి. నూనె వేడికి ఆవిరితో పాటు లేచి గోడ మీద, అలమారా మీద, ఫ్యాను రెక్కల మీద పడుతుంది, పడ్డ రోజు తుడిస్తే వేడినీళ్ల బట్టకే వస్తుంది, నెలల తరబడి వదిలేస్తే గట్టిపడి బంకలాగా అయిపోతుంది, అప్పుడు గీకాలి. మా ఇంట్లో సంక్రాంతికి సకినాలు, గారెలు రెండు రోజులు కాలుస్తాం, ఆ రెండు రోజుల్లో పడే జిడ్డు మిగతా నెలంతా పడే దానికంటే ఎక్కువ. అందుకే కాల్చడం మొదలుపెట్టకముందే స్టవ్ వెనక గోడకు పాత పేపర్లు అంటిస్తాం, అయిపోగానే పీకి పడేస్తాం. అలమారాల పైభాగంలో కూడా పేపరు పరిచి ఉంచుతాను, రెండు మూడు నెలలకోసారి మారుస్తాను, కుర్చీ ఎక్కి రుద్దడం ఉండదు. ఎగ్జాస్ట్ ఫ్యాను రెక్కలకు వేడినీళ్లలో బట్టల సోడా వేసి అరగంట నానబెట్టడమే. జొన్న రొట్టెలు రోజూ రాత్రి చేస్తాం, మామయ్య అన్నం తగ్గించారు కాబట్టి, పీట కింద ఒక పాత పంచె ముక్క పరిచి చేస్తే పిండంతా దాని మీదే పడుతుంది, బయటికి తీసుకెళ్లి దులిపితే అయిపోతుంది. పిండి మీద నీళ్లు పోసి తుడవకండి, అది పిసికినట్టై బండ సందుల్లోకి పోతుంది.

రాత్రి పని గురించి ఇప్పుడు చెప్తాను, ఎందుకంటే మిగతావన్నీ ఎట్లున్నా ఇది ఒక్కటి తప్పదు. కట్టెల పొయ్యి ఉన్న రోజుల్లో పొయ్యికి ఒక ఆఖరు ఉండేది. రాత్రి నిప్పులు ఆర్పేవారు, పొద్దున బూడిద తీసి, పొయ్యి అలికి, ముగ్గు వేసి, అప్పుడే మళ్లీ ముట్టించేవారు. మా అమ్మమ్మ అలకని పొయ్యి ముట్టించడం నేను ఎన్నడూ చూడలేదు. గ్యాస్ వచ్చాక ఆ మొదలూ ఆఖరూ రెండూ పోయాయి. రాత్రి పదకొండుకు ఎవరో టీ పెట్టుకుంటారు, పన్నెండుకు ఎవరో మ్యాగీ చేసుకుంటారు, వంటిల్లు మూతపడదు, పని తెగదు. నన్ను అలసగొట్టింది ఈ తెగని పనే. అందుకని తొమ్మిదిన్నరకు మా వంటిల్లు మూసేస్తాం అని అందరికీ చెప్పాను. మూసేయడమంటే, మిగిలిన అన్నం, కూర చిన్న డబ్బాల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టడం, వండిన గంజుల్లోనే వదిలేయకుండా. వండిన తిండి బయట రెండు గంటలకు మించి ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, మన ఎండాకాలంలో నేనైతే అంతసేపు కూడా ఆగను. తర్వాత సింకు ఖాళీ. స్టవ్ గోరువెచ్చగా ఉన్నప్పుడే తుడుపు. గట్టు తుడిచిన మసిబట్ట సబ్బుతో ఉతికి తీగ మీద ఆరేయడం, పీచు పిండి కిటికీలో పెట్టడం. తడిగా ముద్ద చేసి సింకు మూలన పడేసిన పీచు కంటే మురికి వస్తువు వంటింట్లో ఇంకోటి ఉండదు, దాంతో తోమిన గిన్నె శుభ్రం ఎట్లా అవుతుంది? తడి చెత్త బుట్ట బయట పెట్టడం, పొద్దున మున్సిపాలిటీ ఆటో వస్తుంది. ఆఖరున సింకు పొడి బట్టతో తుడవడం. లైటు ఆర్పడం.

సింకు పొడిగా ఉంచడం మొదలుపెట్టాక బొద్దింకలు తగ్గిపోయాయి, ఇది నేను అనుకోలేదు. అవి తిండి లేకుండా చాలా రోజులు బతుకుతాయి, నీళ్లు లేకుండా అన్ని రోజులు బతకలేవు. నేనేమో మందులు కొడుతూ, రాత్రంతా వాటికి సింకులో నీళ్లు పెడుతున్నాను. ఇప్పుడు సింకు జాలీ మీద ఒక గిన్నె బోర్లిస్తాం, గ్యాస్ సిలిండర్ కింద తడి లేకుండా చూస్తాం.

ఆదివారం మాంసం తెచ్చినప్పుడు ఒక్క జాగ్రత్త. చికెన్ నల్లా కింద ధారగా కడిగితే ఆ తుంపర్లు పక్కనున్న గిన్నెల మీద, కొత్తిమీర మీద పడతాయి, వాటితో పాటు క్రిములూ పోతాయి. కడగకుండానే బాగా ఉడికిస్తే చాలని నిపుణులు చెప్తారు, మన ఇళ్లలో పసుపు, ఉప్పు వేసి కడగకపోతే మనసొప్పదు. అందుకని లోతు గిన్నెలో నీళ్లు పోసి అందులోనే మెల్లగా కడిగి, తర్వాత సింకంతా సబ్బుతో కడిగేస్తాను. మాంసం కోసే చెక్క వేరు, కూరగాయల చెక్క వేరు.

ఇక మనుషుల సంగతి. ఇది రాయడం కొంచెం కష్టంగానే ఉంది, కానీ రాయకపోతే పైన చెప్పినవన్నీ అబద్ధం అవుతాయి. మొదట్లో చాలా నెలలు ఈ రాత్రి పని నేనొక్కదాన్నే చేశాను. మా ఆయన మంచి మనిషే, "చెప్తే చెయ్యనా?" అనేవారు. నిజమే, చెప్తే చేసేవారు. కానీ ఏం చేయాలో చూడడం, గుర్తుపెట్టుకోవడం, చెప్పడం, చేశారో లేదో మళ్లీ చూసుకోవడం, అవి కూడా పనులే, అవన్నీ నా నెత్తినే ఉండేవి. పోయిన ఏడాది వానాకాలంలో నాకు వైరల్ జ్వరం వచ్చి ఐదు రోజులు మంచం దిగలేదు. మొదటి రోజు ఎవరూ ఏమీ చేయలేదు. రెండో రోజు తాగడానికి గ్లాసు లేదు. ఆ రాత్రి అత్తమ్మ వంటింట్లో స్టూలు వేసుకుని కూర్చుని కొడుకుతో, మనవడితో గిన్నెలు తోమించింది. ముందు గ్లాసులు, తర్వాత పళ్లాలు, ఆ వరుస ఆమె చెప్తుంటే లోపల గదిలో పడుకున్న నాకు వినబడుతోంది.

జ్వరం తగ్గాక అత్తమ్మ నాతో అంది, "నా కొడుకు బోళ్లు తోముతుంటే మొదటి దినం సూడలేకపోయిన బిడ్డా, కండ్లల్ల నీళ్లు తిరిగినయి. మూడో దినానికి అనిపించింది, మరి నువ్వు తోముతుంటే గిన్నేండ్లు నాకెందుకు అనిపియ్యలే అని." నేనేమీ అనలేదు. ఆమె చేయి పట్టుకున్నాను అంతే. ఆమె కూడా ఎవరూ చేయందించకుండా నలభై ఏళ్లు తోమిన మనిషే కదా.

అప్పటినుంచి పనులు మనుషుల పేరు మీద ఉన్నాయి, పూటకొకరికి చెప్పడం లేదు. స్టవ్, గట్టు, చెత్త మా ఆయనవి. గిన్నెలు నేనూ బాబూ, ఒకరోజు నేను తోమితే వాడు జాడిస్తాడు, మరునాడు వాడు తోముతాడు. తడి తుడిచి బోర్లించడం, నీళ్ల సీసాలు నింపడం పాపది. మామయ్య పొద్దున పాలు కాచి ఆ గిన్నెలో వెంటనే నీళ్లు పోస్తారు, అది చిన్న విషయం అనిపిస్తుంది కానీ మాడిన పాలగిన్నె తోమిన వాళ్లకు దాని విలువ తెలుసు. అత్తమ్మ పప్పులు, పచ్చళ్ల అలమారా చూసుకుంటుంది, అందులో చేయి పెట్టడానికి మాకు కూడా అనుమతి లేదు. ఒక్క విషయంలో నేను మారాల్సి వచ్చింది, ఎవరు చేసిన పనిని వెనకనుంచి మళ్లీ చేయకూడదు. మా ఆయన స్టవ్ తుడిస్తే బర్నర్ చుట్టూ కొంచెం మిగిలేది, నేను వెళ్లి మళ్లీ తుడిచేదాన్ని, అది చూసి ఆయనకు చేయాలన్న ఉత్సాహం పోయేది. ఇప్పుడు కొంచెం మిగిలినా వదిలేస్తాను. రెండు నెలల తర్వాత ఆయనే బర్నర్ తీసి, రంధ్రాలు సూదితో శుభ్రం చేసి, మంట నీలంగా వస్తుంది చూడు అని పిలిచి చూపించారు.

పెద్ద దులుపుడు అనేది ఇప్పుడు మా ఇంట్లో లేదు. శుక్రవారం నాడు ఒక్క అర మాత్రమే దించి తుడుస్తాను, వంటింట్లో మొత్తం పది అరలున్నాయి, రెండున్నర నెలల్లో ఒక చుట్టు పూర్తవుతుంది. పరీక్ష పేపర్లు దిద్దే రోజుల్లో ఒక వారం తప్పుతుంది, తప్పితే తప్పింది, తర్వాతి శుక్రవారం అదే అర దగ్గర మొదలుపెడతాను, రెండూ కలిపి చేయను. కలిపి చేయబోతేనే మళ్లీ ఆ పాత ఆదివారం తిరిగొస్తుంది.

ఈసారి పెత్రమాసకు ముందు ఆదివారం వంటింట్లో ఏదీ దించలేదు. పొద్దున పదింటికే వంట అయిపోయింది. పాపను తీసుకుని పానగల్లు దాటి పొలాల దాకా పోయి గునుగు, తంగేడు ఎక్కడ బాగా పూసిందో చూసి వచ్చాం, పండుగనాడు కోసుకోవడానికి. పెత్రమాసనాడు ఎంగిలిపూల బతుకమ్మ ఆడి ఇంటికొచ్చేసరికి తొమ్మిది దాటింది, చేతులకు గునుగుపూల రంగు, చీర కొంగుకు పసుపు. వంటింట్లోకి పోయి చూస్తే సింకు ఖాళీగా ఉంది, తుడిచి ఉంది, పీచు కిటికీలో ఉంది. బాబు తిని, అందరివీ తోమేసి పడుకున్నాడు. నేను లైటు ఆర్పేశాను.

అటక మీది ఇత్తడి గంజులు మాత్రం ఇంకా అట్లనే ఉన్నాయి. అవి సంక్రాంతికి దించి, చింతపండు పెట్టి అత్తమ్మా నేనూ తోముతాం.